ఫిరంగిగుండూ, రమూనే ముందుపళ్ళూ

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. రమూనే దగ్గర ఆ అతికించే ఓపిక ఏ రోజూ లేదు. అతని అబద్ధాలు గాలిపటాల్లాంటివి, దారం తెగాకే బాగా ఎగురుతాయి. అలాంటి మనిషి ఒక ఆదివారం, చర్చిలో పూజ అయిపోయాక, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని కిటెరీ ఇంటికి భోజనానికొచ్చాడు. గొర్రెల వెంట చిత్తడిలో తిరగడానికి వాడే కర్రకాళ్ళు విప్పి వాకిట్లో గోడకి ఆనించాడు. అవి లేకపోతే రమూనే అందరిలాంటి మనిషే, కాస్త పొట్టి కూడాను.

భోజనమంటే ఉత్త భోజనం కాదు. ఫ్రాన్సు నైరుతి మూలనున్న ఈ లాండ్ బయళ్ళలో పెళ్ళి అడగడమంటే అదే. పెళ్ళిమాట ఎవరూ ఎత్తకూడదు. తినాలి, తాగాలి, వచ్చినవాడు నాలుగు కబుర్లు చెప్పి తానేపాటివాడో చూపించుకోవాలి. చివర్లో ఆడమనిషి లేచి లోపలికెళ్ళి ఒక పళ్ళెం తెస్తుంది. అందులో తీపిరొట్టె ఉంటే సరేనన్నట్టు. అక్రోటుకాయలుంటే, నాయనా, నీ దారి నువ్వు చూసుకో అన్నట్టు. ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ కాయలు చూసినవాడు బెరే టోపీ నెత్తిన పెట్టుకుని నోరుమూసుకుని వెళ్ళిపోవాలి. సంతలో ఏడాదిపాటు నవ్వులపాలవడం వాడి ఖర్మ.

కిటెరీ వాళ్ళు బల్ల దగ్గర కూర్చోకముందే మొక్కజొన్నపిండి, పాలు, గుడ్లు కలిపి మిల్యాస్ అనే ఆ తీపిరొట్టెకి పోసి, పెనం నిప్పులమీద పెట్టేసింది. అంటే మనసు చాలావరకు అటే ఉందన్నమాట. రమూనే అంటే ఆమెకిష్టమే. మొన్న చలికాలంలో ఆమె పొట్టేలు బురదగుంటలో దిగబడితే, పిలవకుండానే వచ్చి, మెడదాకా దిగి, దాన్ని లాక్కొచ్చి, చలికి వణుకుతూ "ఏముంది, చిన్న పని" అన్న మనిషి అతను. తన చేత్తో అల్లిన మేజోళ్ళు రెండు జతలు ఆమె గడపమీద పెట్టి చెప్పకుండా పోయిన మనిషి. పనిలో బంగారం. నోరు విప్పితేనే వస్తుంది తంటా.

ఆ నోరే తను పెద్దయుద్ధాల్లో సైనికుణ్ణని చెబుతుంది. ఆ ఏళ్ళలో అతను ఊరికి దూరంగా ఉండేవాడు గనక అది నిజమో అబద్ధమో ఎవరికీ తెలియదు, కిటెరీ భయమంతా అక్కడుంది. ఆమె మొగుడు దొమెంజ్ కూడా సైనికుడే. చక్రవర్తి పిలిచాడని బూరా వెంట నవ్వుతూ వెళ్ళాడు. రష్యాలో ఏ మంచులో పడిపోయాడో, ఎవరు పూడ్చారో, అసలు పూడ్చారో లేదో, ఆమెకి ఈ రోజుకీ తెలియదు. ఇప్పుడు చక్రవర్తి పోయి రాజుగారొచ్చారు, అయినా బూరాలు మాత్రం మారలేదు. మళ్ళీ స్పెయిన్ మీదికి సేన కదులుతోందని, అనుభవమున్న పాతవాళ్ళని వెతుకుతున్నారని సరిహద్దు పట్నం బయోన్ దారిన వచ్చే బళ్ళవాళ్ళు చెబుతున్నారు. బూరా వినిపిస్తే లేచిపోయే మగవాడు ఆమెకి ఇంకొకడు వద్దు. ఇతను ఇంట్లో ఉండే మనిషా, పోయే మనిషా? ఈ పూట అది తేలాలి. అందుకే పొయ్యిమీద మిల్యాస్ ఉన్నా, అటకమీద అక్రోట్ల బుట్ట కూడా అందేలాగే ఉంచింది.

బల్ల చివర ఆమె మామగారు సెవెర్ కూర్చున్నాడు. ఊరి కమ్మరి. కొడుకు పోయినా కోడల్ని కూతురిలా చూసుకుంటున్న ముసలాయన. ఆయన మాట్లాడింది తక్కువ, పులుసు జుర్రింది ఎక్కువ.

"నేనేమంత గొప్పవాణ్ణి కాదండీ," అని రమూనే మొదలుపెట్టాడు.

ఆ మాట వినగానే అతని స్నేహితుడు గిలెం బల్లకింద రెండో స్నేహితుడు పెయ్రో కాలు తొక్కాడు. రమూనే ఇలా మొదలుపెట్టాడంటే ఇక సూర్యుడు కూడా కుర్చీ వేసుకుని కూర్చోవలసిందే.

"స్పెయిన్‌లో ఓ చిన్న వాగండీ. మోకాటిలోతు. మా దళనాయకుడికి జలుబు, నీళ్ళలో దిగనంటాడు. నేనెలాగూ కర్రకాళ్ళ మీదున్నా గదా, రండి దొరా అని భుజానెక్కించుకుని అవతల దింపా. అంతే. దానికే పతకం ఇస్తామన్నారు. ఛీ, వాగు దాటించినందుకు పతకమేంటి, సిగ్గులేకుండా, అన్నా."

"సైన్యంలో కర్రకాళ్ళేంట్రా?" అన్నాడు పెయ్రో.

"మన లాండ్ వాళ్ళకి విడిగా ఇచ్చారు లేరా. గుర్రమైతే గడ్డి మేస్తుంది, కర్ర ఏం మేస్తుంది? సర్కారుకి లాభం. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి జనరల్ చెవిన పడింది. మర్నాడు కబురు. వెళ్తే పెద్ద నది, వంతెన కాల్చేశారు, అవతల శత్రువు, ఇవతల మా ఫిరంగులు. వీటిని దాటించగలవా అన్నాడాయన. ఎన్ని దొరా అన్నా. అన్నీ అన్నాడు. ఇక చూస్కో, కుడిచంకలో ఒకటి, ఎడమచంకలో ఒకటి, నెత్తిన తలగుడ్డ చుట్టి దానిమీదొకటి, అలా పొద్దు గుంకేలోపు ఖాళీ చేసేశా."

"మరి గుర్రాలో?" అన్నాడు గిలెం.

"వెనకాల ఈదుకుంటూ వచ్చాయి, తోకలు పట్టుకుని."

"ఎవరి తోక?"

"నాకుందేంట్రా తోక? ఒకదానిది ఒకటి!"

కిటెరీకి నవ్వొచ్చింది. నవ్వు కనపడకుండా పులుసు గిన్నె తీసుకుని వంగింది. ఇలాంటి కోతలకేం, ఇంట్లో పిల్లలుంటే నిద్రపుచ్చడానికి పనికొస్తాయి అనుకుంది. సెవెర్ మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా పందిమాంసం ముక్క కోసుకుంటున్నాడు.

ఆర్మన్యాక్ సారా రెండో గ్లాసు పడ్డాక రమూనే స్పెయిన్ వదిలి రష్యా చేరాడు. దారిలో ఉన్న దేశాలన్నీ ఒక్క గుక్కలో దాటేశాడు.

"రష్యాలో చలి అంటే మీరనుకునే చలి కాదండీ. నా నీడ మంచుకి అతుక్కుపోయింది. నిజం. నేను కదులుతున్నా, అది రావట్లా. బాయినెట్టు పెట్టి అంచులు పెళ్ళగించి, చుట్టచుట్టి, సంచీలో వేసుకుని నడిచా. అక్కడ మంచు ఎంత లోతంటే మామూలు కర్రకాళ్ళు పుల్లల్లా మునిగిపోతున్నాయి. ఓడ స్తంభాలు రెండు తెప్పించి కట్టుకున్నా. అవి కట్టుకుని నిలబడితే మబ్బు నా నడుముకి తగిలి రెండుగా చీలిపోయేది. పై నుంచి చూస్తే మాస్కో గంటలు, ఇటు తిరిగితే మన ఊరి చర్చి శిఖరమ్మీది ఇనప కోడిపుంజు, రెండూ కనపడేవి."

"మన చర్చిమీద కోడిపుంజు మొన్నేగా పెట్టారు?"

"పెట్టబోయే చోటు కనపడింది లేరా! మధ్యలో అడ్డం రాకు. అప్పుడొచ్చారండీ కొసాక్ రౌతులు. వెయ్యిమంది! ఈటెలు, గడ్డాలు, అరుపులు. నేను కదలకుండా నిలబడ్డా. వాళ్ళేం చేశారో తెలుసా? నా కాళ్ళు చూసి ఊరి సింహద్వారం అనుకుని, మధ్యలోంచి దూరి అవతలికి వెళ్ళిపోయారు. కొందరైతే సుంకం కూడా కట్టిపోయారు."

గిలెం బల్లమీద గుద్ది నవ్వాడు. "అంతసేపూ నువ్వేం చేస్తున్నావురా అక్కడ?"

"ఏం చేస్తా? మేజోళ్ళు అల్లుతున్నా. మనవాళ్ళకి చేతులూరికే ఉండవు గదా. పటాలం మొత్తానికీ నేనే అల్లా."

"మరి తుపాకీ ఎవరు పేల్చారు?"

"నేనే."

"మూడో చేత్తోనా?"

"ఒరే పెయ్రో, యుద్ధంలో మనిషికి ఎన్ని చేతులొస్తాయో ఇంట్లో కూర్చున్నవాడికేం తెలుస్తుంది?"

ఆ మాటకి సెవెర్ తల ఎత్తి రమూనే వంక ఒకసారి చూసి, మళ్ళీ మాంసం మీదికి వంగాడు.

గిలెం అప్పటికే బాగా తాగి ఉన్నాడు. మంచివాడే, కానీ తాగితే ఎక్కడ ఏం అడగాలో తెలియదు. "ఒరే, అంత ఎత్తునుంచి చూశావుగా. మన దొమెంజ్ కనపడలేదా నీకు అక్కడ?" అన్నాడు.

బల్ల చుట్టూ ఒక్కసారిగా మాట ఆగిపోయింది. కిటెరీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెప్పొద్దు, చెప్పొద్దు, ఆయన్ని నీ కోతల్లోకి లాగొద్దు అని లోపల మొత్తుకుంది. లాగడం చాలా తేలిక. నా చేతుల్లోనే పోయాడు, నీ పేరే తలుచుకున్నాడు అంటే చాలు, ఆమె ఏడుస్తుంది, ముసలాయన ఏడుస్తాడు, రమూనే ఈ ఇంటి మనిషైపోతాడు.

రమూనే గ్లాసు కింద పెట్టాడు. "లేదు," అన్నాడు. "నాకు కనపడలేదు." ఆ గొంతు అప్పటిదాకా మాట్లాడిన గొంతు కాదు.

కిటెరీకి ప్రాణం లేచొచ్చింది. ఈ అబద్ధాలకోరుకి కూడా ఒక హద్దుందన్నమాట అనుకుంది. పొయ్యి దగ్గరికెళ్ళి మిల్యాస్ అడుగంటకుండా పెనం కాస్త పక్కకి జరిపింది. ఇంకొక్క పావుగంట నోరు మూసుకుని కూర్చుంటే చాలు నాయనా, అనుకుంది.

రమూనేకి పావుగంట నోరు మూయడమా! మాట ఆగిన చోట ఏర్పడ్డ నిశ్శబ్దం అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. దాన్ని పూడ్చడానికి ఇంకా పెద్ద బండ కావాలి. ఎత్తుకున్నాడు.

"అసలు సంగతి చెప్పనే లేదు గదా! ఈ పళ్ళు చూశారా?" అని నోరు సాగదీసి చూపించాడు. పైవరసలో ముందు రెండు పళ్ళు లేవు. "ఇవెలా పోయాయనుకుంటున్నారు? మా జనరల్ గుర్రమ్మీద కూర్చుని పటం చూస్తున్నాడు. అటునుంచి ఫిరంగిగుండు వస్తోంది, తిన్నగా ఆయన తలకాయకే. అరిస్తే వినపడదు. చేతులా, మేజోడు మడమ దగ్గరుంది, మడమ దగ్గర వదిలితే ఎంతమంచి అల్లికైనా పాడైపోతుంది, ఆ సంగతి కిటెరీ గారికి తెలుసు. ఇక ఏం చేయను? నోరు తెరిచా. టప్పున పట్టా!"

"గుండుని?"

"గుండునే! ఎర్రగా కాలుతోంది. పెదాలు కాలుతుంటే వెనక్కి ఊశా. అది వెళ్ళి వాళ్ళ ఫిరంగి మూతిలోనే దూరి, వాళ్ళ మందుగుండంతా పేలిపోయి, ఆ పొగలో వాళ్ళ పటాలం పటాలమే దారి తెలీక మా దగ్గరికే వచ్చి లొంగిపోయింది. రెండు పళ్ళు పోయాయి, యుద్ధం గెలిచాం. జనరల్ దిగి నన్ను కౌగిలించుకుని, రమూనే, నా కూతుర్నిస్తా, సగం రాజ్యమిస్తా అన్నాడు. రాజ్యం ఆయనది కాదనుకోండి. అయినా వద్దన్నా. మా బయల్లో గొర్రెలెదురు చూస్తుంటాయి దొరా అన్నా."

పెయ్రో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, స్నేహితుడికి సాయం చేస్తున్నాననుకుని, అడగకూడని మాట అడిగాడు. "మరిప్పుడు స్పెయిన్‌కి మళ్ళీ పాతవాళ్ళని పిలుస్తున్నారట గదా. నీలాంటి వీరుణ్ణి వదులుతారా?"

"వదిలితే నేనూరుకుంటానా?" రమూనే రొమ్ము విరుచుకున్నాడు. "బూరా ఊదేదాకా ఆగుతాననుకున్నావా? ఊదేవాడు గాలి పీల్చుకునేలోపే నేను బయోన్‌లో ఉంటా!"

అంతే. కిటెరీ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. అతని ముఖం చూడలేదు. లోపలికెళ్ళి అటకమీది బుట్ట దించి, మట్టిపళ్ళెంలో అక్రోటుకాయలు పోసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కోపం వల్లో బాధ వల్లో ఆమెకే తెలియలేదు. వెళ్ళు, వీరుడివి గదా, వెళ్ళు. నాకొక వీరుడు చాలు. ఒకణ్ణి మంచుకిచ్చాను, ఇంకొకణ్ణి ఎండకివ్వను. పళ్ళెం రెండుచేతులా పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

అక్కడ ఆమెకి మామగారి గొంతు వినపడింది.

"ఒక సందేహం నాయనా," అంటున్నాడు సెవెర్. రమూనే కోతలు మొదలైనప్పటినుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. "సైనికుడు తూటా ఎలా నింపుతాడు?"

"అది తెలియనిదెవరికి పెద్దాయనా? తూటా చుట్టిన కాగితాన్ని పళ్ళతో కొరికి చింపి, మందు గొట్టంలో పోసి, గుండు దిగ్గొడతాం."

"ఏ పళ్ళతో?"

"ముందు..." రమూనే ఆగాడు. "ముందు పళ్ళతో."

"అవి గుండుతో పోయాయిగా. ఆ తర్వాత యుద్ధమంతా దేనితో కొరికావు?"

"చిగుళ్ళతో!" అన్నాడు రమూనే తడుముకోకుండా. "మా చిగుళ్ళు గట్టివి. మా నాన్నవి కూడా."

"అలాగా. ఇటు రా. నోరు తెరువు."

కమ్మరి పిలిస్తే గుర్రాలే కాలు ఎత్తి ఇస్తాయి, రమూనే ఎంత? లేచి వెళ్ళి నోరు తెరిచాడు. సెవెర్ అతని గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి, బొటనవేలితో పెదవి ఎత్తి, సంతలో గాడిదని చూసినట్టు చూశాడు. చాలాసేపు చూశాడు.

"పక్కపన్ను మూల విరిగింది," అన్నాడు చివరికి. "అది నా పట్టుకారు జారినప్పుడు విరిగింది. ఆ ఏడాది ఇల్లిల్లూ ఊడ్చి కుర్రాళ్ళని పట్టుకుపోతున్నారు. కుంటివాడూ, ముందుపళ్ళు లేనివాడూ తప్ప ఎవణ్ణీ వదలట్లేదు. పళ్ళు లేకపోతే తూటా కొరకలేడని. బయలంతా తిరిగి ఎంతమంది తల్లులు పిల్లల్ని దుప్పటి కప్పి నా కొలిమి వెనక్కి తీసుకొచ్చారో! ముఖాలు నేను చూడలేదు, చూడకపోవడమే మంచిదని. నోళ్ళు మాత్రం మర్చిపోను. ఈ నోరు నా చేతిపనే. ఇది రష్యా చూడలేదు, స్పెయిన్ చూడలేదు. నా కొలిమి చూసింది."

గిలెం, పెయ్రో ముఖముఖాలు చూసుకున్నారు. రమూనే తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"మాటలు కోటలు దాటాయి గానీ, వీడి కాలు గడప దాటలేదురా," అన్నాడు సెవెర్ స్నేహితులతో. వాళ్ళు పగలబడి నవ్వారు. ముసలాయన నవ్వలేదు. "నా కొడుక్కీ చెప్పాను. బతిమాలాను. రెండు పళ్ళేరా, నొప్పి తెలీకుండా తీస్తాను అన్నాను. వినలేదు. పళ్ళు లేకుండా నవ్వితే కిటెరీకి నచ్చదు నాన్నా అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళ పిల్లలందర్నీ ఆపిన ఈ చేతులు వాణ్ణి ఆపలేకపోయాయి." ఆ చేతులు బల్లమీద బోర్లించి పెట్టుకున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. రమూనే మెల్లగా బెరే టోపీ తీసుకున్నాడు. ఇక పళ్ళెం కోసం ఆగడమెందుకనుకున్నాడేమో, ఎవరి వంకా చూడకుండా తలుపు వైపు నడిచాడు. కర్రకాళ్ళు లేని ఆ నడకలో అతను ఇంకా పొట్టిగా కనపడ్డాడు.

గుమ్మం వెనక కిటెరీ ఏడుస్తోంది, నవ్వుతోంది. ఓరి వెర్రిబాగులవాడా! ఇంట్లో ఉన్న మనిషివని చెప్పడానికి ఇంత సిగ్గుపడ్డావా? ఇంతకాలం నేను భయపడ్డది దీనికా? పళ్ళెంలో అక్రోట్లు బుట్టలోకి గుమ్మరించింది. రెండు బుట్టలోంచి జారి గదిలోకి దొర్లాయి, దొర్లనీ. పొయ్యి దగ్గరికొచ్చి పెనం తీసి, మిల్యాస్‌ని పళ్ళెంలోకి బోర్లించి, పొగలు కక్కుతుండగానే తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఎక్కడికి?" అంది.

రమూనే తలుపు గడియ మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పెద్దాయన చెప్పింది విన్నారుగా."

"విన్నా. గడప దాటని కాలన్నాడు. నాక్కావలసింది ఆ కాలే. వచ్చి కూర్చో. మెత్తగానే చేశాను, ముందుపళ్ళు అక్కర్లేదు."

రమూనే తిరిగి చూశాడు. పళ్ళెం చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ పళ్ళెం చూశాడు. గిలెం లేచి అతని భుజం పట్టుకుని కుర్చీలో కుదేశాడు. సెవెర్ కత్తి తీసుకుని మొదటి ముక్క కోసి, తనే అతని ముందు పెట్టాడు.

రమూనే ఒక ముక్క తిన్నాడు. రెండో ముక్క తిన్నాడు. రెండో ముక్క గొంతు దిగేసరికి అతని ముఖంలోకి రంగొచ్చింది, వీపు నిటారయింది, కళ్ళలో పాత వెలుగు తిరిగొచ్చింది.

"నిజం చెప్పాలంటే, పెద్దాయనకి గుర్తుందో లేదో గానీ," అన్నాడు, "ఆ పళ్ళు పీకిన రోజు నన్ను పట్టుకోవడానికి నలభైమంది చాల్లేదండీ. బళ్ళకి కట్టిన ఎద్దుల్ని విప్పి, గొలుసులు తెచ్చి..."

"ఒక్కరే పట్టుకున్నారు," అన్నాడు సెవెర్, మిల్యాస్ నములుతూ. "మీ అమ్మ."